రైతు ప్రతినిధి ఆచార్య రంగా
(గ్రంథాలయ రజతోత్సవ సభకై సిద్ధపరచిన ఉపన్యాస పాఠము)



శారదా నదీతీరమున చెఱకు పండించి, రసము తీసి, పెనములో కాచి, బెల్లపు దిమ్మలను బండి మీద అనకాపల్లి బజారునకు తోలుకొని వచ్చు రైతునకు ముఖ్యముగా రెండు కాగితములతో పని యుండును. మొదటిది భూమి పట్టా. రెండవది సరకు తూచిన పిమ్మట వర్తకుడు వ్రాసి యిచ్చు చీటీ. పట్టాలో తన పేరు లేనిచో తాను దున్నిన నేల తనది కాదు. చీటీలోని తూకమును, ధరను, తగ్గింపులను చదువుకొనలేనిచో తాను పండించిన పంటయు పూర్తిగా తనది కాదు. రైతు స్వాతంత్ర్యము ఈ రెండు కాగితముల మీద నిలిచియున్నది. ఒకదానికి చట్టము కావలెను. రెండవదానికి చదువు కావలెను.

ఈ రెంటి కొఱకును జీవితమంతయు పాటుపడిన తెలుగు రైతుబిడ్డ ఆచార్య గోగినేని రంగనాయకులుగారు. దేశమంతటను ఆయనను ఎన్. జి. రంగా అనియే పిలిచిరి. 1900వ సంవత్సరము నవంబరు 7వ తేదీన పుట్టి, 1995వ సంవత్సరము జూన్ 9వ తేదీన పరమపదించిన ఈ మహనీయుని జీవితము గ్రామ గ్రంథాలయ సభ్యులు తప్పక తెలిసికొనదగినది. అందు మెచ్చుకొనదగిన విషయములతోపాటు తర్కించి చూడవలసిన విషయములును కలవు.

నాగలి పట్టినవాడు శాసనసభలో కూర్చుండుట ప్రపంచమునకు కొత్త విషయము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా దేశపు పడమటి సరిహద్దులలో అడవులు నరికి పొలములు చేసికొనిన కుటుంబముల నుండి పెక్కురు రాజకీయ నాయకులు బయలుదేరిరి. వారిలో జగత్ప్రసిద్ధుడు అబ్రహాము లింకను. 1809లో కెంటకీ రాష్ట్రమున ఒక దుంగల గుడిసెలో పుట్టి, తండ్రితో కలసి గొడ్డలి పట్టి, ఎరువు తెచ్చుకొనిన పుస్తకములతో చదువు నేర్చుకొని, 1834లో ఇల్లినాయి రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, 1861లో దేశాధ్యక్షుడైన వాడాయన. 1862 మే 20వ తేదీన ఆయన సంతకము చేసిన చట్టము ప్రకారము, ప్రభుత్వ భూమిపై ఐదేండ్లు నివసించి సేద్యము చేసిన కుటుంబమునకు స్వల్పమైన రుసుముతో 160 ఎకరముల నేల స్వంతమయ్యెను. దున్నినవానికి భూమి అను సూత్రము అట్లు శాసనమునకెక్కెను. అయితే ఆ నేల అంతకు పూర్వము అక్కడి ఆదిమ జాతులదను సత్యమును మరువరాదు. ఒకరికి కలిగిన హక్కు మరియొకరి హక్కును పోగొట్టి తెచ్చినదయ్యెను. భూమి చరిత్ర ఎచ్చటను సులభమైనది కాదు.

అదే శతాబ్దమున ఉత్తర సర్కారులలో జరిగినది వేరు. 1802లో ఇంగ్లీషు కంపెనీవారు ఇచ్చట శాశ్వత పరిష్కారమును అమలు చేసిరి. జమీందారు కంపెనీకి ఏటేట చెల్లింపవలసిన పేష్కషును శాశ్వతముగా నిర్ణయించి, శిస్తు వసూలు చేయు అధికారమును అతని చేతిలో పెట్టిరి. సర్కారునకు చెల్లింపవలసిన మొత్తము పెరగదు. రైతు వద్ద రాబట్టు మొత్తము మాత్రము పెంచుకొనవచ్చును. శిస్తుతోపాటు పశువుల మేతకు పుల్లరి, అడవిలో కట్టెకు రుసుము, శుభకార్యములకు మామూళ్లు, పైగా వెట్టి చాకిరి. 1908 నాటి మద్రాసు ఎస్టేటుల భూమి చట్టము జమీను రైతునకు సాగుహక్కు కొంత కల్పించినను, ఆ హక్కును నిలుపుకొనుటకు కోర్టుల చుట్టు తిరుగవలసియుండెను. చదువురాని రైతునకు కోర్టు దూరము; జమీందారు ఠాణేదారు దగ్గర. విజయనగరము, బొబ్బిలి, మందస వంటి సంస్థానములు నిండిన విశాఖపట్టణ మండలమున ఈ వ్యవస్థ ఎంత లోతుగా పాతుకొనినదో వృద్ధుల మాటలలో ఇప్పటికిని వినవచ్చును.

రంగాగారు పుట్టినది జమీందారీ సీమలో కాదు. గుంటూరు మండలమున కృష్ణా పడమటి డెల్టాలో పొన్నూరు చేరువనున్న నిడుబ్రోలు ఆయన స్వగ్రామము. డెల్టా రైతు రైత్వారీ పద్ధతిపై నేరుగా సర్కారునకే శిస్తు చెల్లించువాడు; అతనికి జమీందారు బాధ లేదు. అయినను కరణము లెక్కలు, జమాబందీ, నీటితీరువ, వడ్డీవ్యాపారి పత్రము ఇవన్నియు అతనిని చుట్టుకొనియే యుండెను. కాలువ నీరు వచ్చి వరి పండినను రైతు ఇంట అప్పు ఏల తీరదో ఆ బాలుడు చిన్ననాడే చూచెను. ఈ ప్రశ్నయే ఆయనను అర్థశాస్త్రమునకు నడిపించినదని చెప్పవచ్చును.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివిన పిమ్మట ఆయన ఇంగ్లాండు వెళ్లి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి, 1926లో బి. లిట్. పట్టమును పొందిరి. ఆ కాలమున సీమకు వెళ్లిన యువకులు పెక్కురు బారిష్టరీయో, ఐ. సి. ఎస్. పదవియో కోరుకొనిరి. రంగాగారు గ్రామముల ఆర్థిక స్థితిని విషయముగా గ్రహించిరి. తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. నాడు వచ్చిన ఆచార్య పదము పదవి విడిచిన తరువాతను ఆయన పేరును విడువలేదు. దక్షిణదేశపు చేనేత పనివారి స్థితిగతులను పరిశీలించి ఆయన వ్రాసిన ఆంగ్ల గ్రంథము 1930లో వెలువడెను. మగ్గము ఖర్చెంత, నూలు ధర యెంత, నేతగానికి మిగులునదెంత అని లెక్క కట్టి చూపుట ఆయన పద్ధతి. పేదవాని కష్టమును వర్ణించి ఊరకుండక, అంకెలలో నిలిపి అధికారుల ముందు పెట్టుట ఆయన అలవాటు.

చదువు సాగుచున్న దినములలోనే, 1923లో, గుంటూరు మండలమున రైతు సంఘ స్థాపనకు ఆయన పూనుకొనిరి. ఆ పిమ్మట కొలది సంవత్సరములకే సంఘమునకు పెద్ద పరీక్ష వచ్చెను. కృష్ణా గోదావరీ మండలములలో భూమిశిస్తును తిరిగి నిర్ణయించుచు, మద్రాసు ప్రభుత్వమువారు రూపాయికి మూడణాల వంతున, అనగా నూటికి 18.75 చొప్పున, పెంపు చేయ సంకల్పించిరి. 1929లో ప్రపంచమంతటను ఆర్థిక మాంద్యము వచ్చిపడెను. ధాన్యము ధర దాదాపు సగమునకు పడిపోయెను. ధర సగమైనచో శిస్తు చెల్లించుటకు రైతు రెండింతల ధాన్యము అమ్ముకొనవలెను. అట్టి సమయమున శిస్తును పెంచుట యనగా గాయముపై కారము చల్లుటయే. ఈ లెక్కను సామాన్య రైతునకు అర్థమగు భాషలో ఊరూర విప్పి చెప్పినవారిలో రంగాగారు ముఖ్యులు.

1930లో గాంధీమహాత్ముని ఉప్పు సత్యాగ్రహము దేశమును కదల్చెను. రంగాగారు కళాశాల ఉద్యోగమును విడిచి జాతీయోద్యమమున చేరిరి. ఆయన సతీమణి భారతీదేవిగారును ఉద్యమమున పాల్గొనిరి. 1930 తరువాతి దశకములోనే ఆయన ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో ప్రవేశించిరి. అచ్చట ఆయనకు ప్రత్యర్థులు ఇద్దరు: ఒకరు పరప్రభుత్వము, రెండవవారు ఆ ప్రభుత్వపు నీడలో బ్రతుకు జమీందారులు. స్వరాజ్యము వచ్చిన తరువాత రైతు సంగతి చూచుకొనవచ్చునని చెప్పినవారు కాంగ్రెసులోను కొందరుండిరి. రైతు కదలనిచో స్వరాజ్యమే రాదని రంగాగారి వాదము. నెల్లూరు మండలమున వెంకటగిరి జమీను రైతులు ఆందోళన సాగించిన కాలమున ఆయన వారి పక్షమున నిలిచిరి. జమీను రైతుల మహాసభలు ఆ కాలమున కోస్తా మండలములందెల్ల జరిగెను.

ఉపన్యాసములతో ఊరేగింపులతో ఉద్యమము నిలువదని ఆయన త్వరలోనే గ్రహించిరి. సభకు వచ్చిన రైతు చప్పట్లు కొట్టి ఇంటికి పోవును. మరునాడు కరణము వచ్చి కాగితము చూపగానే నోరు మెదపలేడు. ఈ లోపమును తీర్చుటకే 1933-34లో స్వగ్రామమగు నిడుబ్రోలులో రైతు విద్యాలయమును స్థాపించిరి. అందు పంటల సాగు నేర్పు పాఠములు ముఖ్యము కావు. అవి రైతునకు తండ్రి తాతల నుండి వచ్చినవే. భూమిశిస్తు ఎట్లు నిర్ణయింతురు, చట్టము రైతునకు ఏ హక్కు ఇచ్చినది, శాసనసభ ఎట్లు పనిచేయును, దేశముల చరిత్రలో కర్షకులు ఏమి సాధించిరి, సంఘమును ఎట్లు నడపవలెను అను విషయములను రైతు యువకులకు బోధించి, వారిని కార్యకర్తలుగా తీర్చి తమ తమ గ్రామములకు పంపుట ఆ విద్యాలయపు పని. 1940 దాటిన తరువాతను కొంతకాలము ఆ శిక్షణ సాగెను. అచ్చటికి వచ్చిన రైతు యువకుడు తిరిగి తన ఊరికే వెళ్లి పనిచేయవలెను. పట్టణమునకు పంపు చదువు కాక పల్లెకు మరలించు చదువు అది.

ఆ విద్యాలయమును స్థాపించుటకు ఇరువది యేండ్లకు పూర్వమే, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూర గ్రంథాలయము వెలయవలెనని శ్రమించిరి. రాత్రివేళ దీపము క్రింద ఒకరు పత్రిక చదువగా పదిమంది వినుట ఆ గ్రంథాలయములలో నిత్యకృత్యమయ్యెను. రైతు సంఘమునకు కావలసిన శ్రోతలను గ్రంథాలయమే తయారుచేసెననుట అతిశయోక్తి కాదు. పత్రికలో శిస్తు వార్త చదువ వినిన రైతునకే సభలో శిస్తును గూర్చిన మాట తలకెక్కును.

1936 ఏప్రిలులో లక్నో నగరమున అఖిల భారత కిసాన్ సభ ఏర్పడెను. బీహారునుండి వచ్చిన స్వామి సహజానంద సరస్వతి దానికి అధ్యక్షులు. ఆంధ్రదేశమునుండి రంగాగారు ప్రధాన కార్యదర్శి. అంతకుముందు గుంటూరు రైతు బాధ గుంటూరుది, బీహారు రైతు బాధ బీహారుది. ఇరువురును ఒకే వేదిక మీదకు వచ్చుట అదే మొదలు.

మరుసటి సంవత్సరము జరిగిన ఎన్నికలలో జమీందారుల ప్రాబల్యమునకు గట్టి దెబ్బ తగిలెను. మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన బొబ్బిలి రాజావారిని ఆయన స్వంత సీమలోనే వి. వి. గిరిగారు ఓడించిరి. కాంగ్రెసు మంత్రివర్గమున రెవెన్యూ మంత్రియైన టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘము ఏర్పడెను. ఆ సంఘము రైతే భూమికి యజమానుడనియు, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమే యనియు, 1802 నాటి శిస్తును మించి వసూలు చేయరాదనియు నిశ్చయించెను.

ఆ కాలముననే ఆంధ్ర రైతు ఉద్యమమువారు ఒక మహాయాత్రను సాగించిరి. ఉత్తరపు కొననున్న ఇచ్ఛాపురమున బయలుదేరి, 9 మండలముల మీదుగా, 130 దినములు, 1,500 మైళ్లకు పైగా నడచిరి. 2,000 మందికి పైగా రైతులు అందు పాల్గొనిరి. దారిలో వందలకొలది సభలు జరిగెను. 1,100కు పైగా అర్జీలు ప్రోగయ్యెను. వానిని 1938 మార్చి 27వ తేదీన మద్రాసులో శాసనసభకు సమర్పించిరి. ఆనాడు ఇచ్ఛాపురము విశాఖపట్టణ మండలములోనిదే. కనుక ఆ యాత్ర ఈ మండలపు మట్టి మీదనే మొదలైనది. ఆ అర్జీల బరువును తూచి చూచినచో గొప్పదేమియు కాకపోవచ్చును. కాని అంతకుముందు దివాణము ముందు చేతులు కట్టుకొని నిలుచుండిన రైతు, తన మొరను కాగితముపై పెట్టి శాసనసభకు పంపుకొనుట అదియే ప్రథమము.

చట్టము మాత్రము వెంటనే రాలేదు. 1939లో యుద్ధము కారణముగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేయుటతో ప్రకాశం సంఘపు నివేదిక మూలబడెను. రైతులు చెల్లించిన మూల్యము మాత్రము ఆగలేదు. 1940 ఏప్రిల్ 1వ తేదీన మందస జమీనులోని గుడారి రాజమణిపురమున, అడవిలో కట్టె కొట్టుకొను హక్కు విషయమై చెలరేగిన సంఘర్షణలో పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు కోల్పోయినవారిలో గున్నమ్మ యను వీరవనిత కలదు. ఒక మోపు కట్టె కొఱకు స్త్రీ ప్రాణమర్పింపవలసిన వ్యవస్థ ఎంత అన్యాయమైనదో చెప్పుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టమును చేసెను. నష్టపరిహారము ఇచ్చి జమీందారీలను ప్రభుత్వము స్వాధీనము చేసికొని, సర్వే జరిపించి, రైతులకు రైత్వారీ పట్టాలు ఇచ్చుట ఆ చట్టపు సారము. 1802లో పోయిన హక్కు 146 సంవత్సరములకు తిరిగివచ్చెను. దీనిని ఒక్క రంగాగారి విజయమని చెప్పుట న్యాయము కాదు. ప్రకాశం పంతులుగారి పట్టుదల, వామపక్షములవారి పోరాటములు, పేరు తెలియని వేలాది జమీను రైతుల త్యాగములు అందు కలసియున్నవి. అయినను ఈ ప్రశ్నను ఇరువది యేండ్లపాటు చల్లారనీయక ఢిల్లీలోను, మద్రాసులోను, పల్లెలలోను సజీవముగా నిలిపినవారిలో ఆయన అగ్రగణ్యులు.

రంగాగారి రాజకీయ జీవితమున ఉత్తరార్ధము వివాదములతో నిండినది. రాజ్యాంగ సభలో సభ్యులుగా నుండిన ఆయన, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగా కూడ నుండిరి. 1951లో ఆ పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారు నెగ్గిరి. పిమ్మట రంగాగారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. 1955 నాటి ఎన్నికల సమయమున తిరిగి కాంగ్రెసుతో చేతులు కలిపి, 1957లో తెనాలి నుండి లోక్‌సభకు ఎన్నికైరి.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును ఆదర్శముగా అంగీకరించెను. చిన్న చిన్న కమతములను కలిపి అందరును ఉమ్మడిగా సేద్యము చేసినచో పంట పెరుగునని జవహర్‌లాల్ నెహ్రూగారి విశ్వాసము. రంగాగారు దీనికి సమ్మతింపలేదు. ఎరువు, విత్తనము, అప్పు, అమ్మకము వీనియందు సహకారము మంచిదే. కాని భూమినే ఉమ్మడి చేసినచో, నిన్న జమీందారు చేతినుండి విడిపించుకొనిన పట్టాను నేడు ఉద్యోగి చేతిలో పెట్టినట్లగునని ఆయన వాదించిరి. పాలకపక్షమున ఉన్నత స్థానమును వదలుకొని బయటకు వచ్చిరి. ఆ సంవత్సరమే రాజాజీ ప్రేరణతో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి ప్రథమాధ్యక్షులైరి. ఆ పార్టీకి 1962లో 18, 1967లో 44 లోక్‌సభ స్థానములు లభించెను. మరి ఆ పార్టీ అధ్యక్షునికో? 1962లో స్వంత సీమయగు తెనాలియందే ఓటమి కలిగెను. పిమ్మట చిత్తూరు ఉపయెన్నికలో నెగ్గి సభకు చేరిరి.

1967లో ఆయనను పార్లమెంటునకు పంపినది ఉత్తరాంధ్రము. గుంటూరు సీమవాడైన రంగాగారు శ్రీకాకుళము నుండి ఎన్నికగుట వింతగా తోపవచ్చును. బారువ గ్రామమున పుట్టి, కల్లుగీత కార్మికుల నాయకుడైన సర్దారు గౌతు లచ్చన్నగారు ఆయనకు ముఖ్యానుయాయి. జమీను రైతుల పోరాటకాలపు అనుబంధము ఇచ్చటి పల్లెలలో మిగిలియుండెను. ఇచ్ఛాపురమునుండి బయలుదేరిన యాత్ర ముప్పది యేండ్లకు ఓటు రూపమున ఫలించెననుకొనిన తప్పు లేదు.

ఇక ఆయనపై వచ్చిన విమర్శను దాచరాదు. ఆయన రైతు అని పిలిచినవాడు భూమి గల రైతే గాని, కూలివాడు కాడనియు, భూపరిమితిని ఎదిరించుట వలన పెద్ద రైతులకే మేలు కలిగెననియు వామపక్షమువారు తీవ్రముగా విమర్శించిరి. మాజీ సంస్థానాధీశులును, పెద్ద వర్తకులును చేరిన పార్టీకి జమీందారీలను ఎదిరించిన నాయకుడు అధ్యక్షుడగుట ఏమిటని అడిగినవారును కలరు. ఈ ప్రశ్నలలో బలము కలదు. ఆయన స్వయముగా గాంధీమహాత్మునితో చర్చించినది రైతు కూలీల రాజ్యమును గూర్చి; నినాదమున కూలి యుండెను. కాని చట్టములలో పట్టా రైతునకు దొరకినంత రక్ష కూలికి దొరకలేదు. 1948 చట్టము పట్టా ఇచ్చినది అప్పటికే సాగుహక్కు గల రైతునకు. అతని క్రింద పాలికాపుగా, కౌలుదారుగా నుండినవానికి ఆ కాగితము అందలేదు. ఇది ఒక్క నాయకుని లోపమనుటకంటె ఆ తరము మిగిల్చిన అప్పు అనుట సమంజసము.

విమర్శకులును కాదనలేని గుణమొకటి ఆయనయందు కలదు. పదవికొఱకు నమ్మకమును విడువలేదు. నమ్మకము కొఱకు పెక్కుమారులు పదవిని విడిచిరి. 1972లో ఆయన తిరిగి కాంగ్రెసులో చేరిరి. 1977 నుండి 1980 వరకు రాజ్యసభలో నుండిరి. పిమ్మట 1980, 1984, 1989 ఎన్నికలలో గుంటూరు నుండి లోక్‌సభకు ఎన్నికైరి. 1930 తరువాతి దశకమున తెల్లదొరల కాలపు సభలో అడుగిడినవాడు, 1991 వరకు స్వతంత్ర భారత పార్లమెంటున కొనసాగెను. తొంబది యేండ్ల వయస్సునను రైతునకు గిట్టుబాటు ధర యను మాట ఆయన ప్రసంగమున వినబడుచునే యుండెను. ఆ 1991లోనే ప్రభుత్వము పద్మవిభూషణ పురస్కారముతో ఆయనను గౌరవించెను.

ఆయన మరణానంతరము 1996లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఆచార్య ఎన్. జి. రంగా పేరు పెట్టిరి. ఈ పేరు అనకాపల్లికి దూరమైనది కాదు. 1913లో చెఱకు పరిశోధనకై ఇచ్చట నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధనా స్థానము ఆ విశ్వవిద్యాలయమునకే చెందినది. మంచి చెఱకు రకము కొఱకు, తెగులు నివారణ కొఱకు అచ్చటికి పోవు రైతు బల్ల మీద ఆ పేరు చూచుచునే యుండును. ఆ పేరు గలవాడెవడో తెలిసికొని చూచినచో ఆ బల్ల మరికొంత అర్థమును ఇచ్చును.

జమీందారీలు పోయి డెబ్బది యేండ్లు దాటినవి. 2022లో అనకాపల్లి స్వయముగా జిల్లా కేంద్రమయ్యెను. కచేరీలు దగ్గరకు వచ్చెను. అయినను దున్నువాని పేరు కాగితమున లేని బాధ తీరలేదు. చెఱకు తోటలలో, వరిమళ్లలో చెమటోడ్చుచున్నవారిలో అనేకులు కౌలుదారులు. బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారము పట్టాదారు పేరుననే పోవుచు, పంట పోయిన కౌలుదారు రిక్తహస్తములతో మిగులుచున్నాడు. దీనికై 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చు చట్టమును, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును వచ్చెను. 2019 చట్టము ప్రకారము కార్డు కావలెనన్నచో పదునొకండు నెలల ఒప్పందముపై భూయజమాని సంతకము కావలెను. హక్కు పోవునేమోయని యజమాని భయపడును. సంతకము లేక కౌలుదారు నష్టపడును. యజమాని హక్కునకు భంగము లేదని ఆ చట్టముననే వ్రాసియున్నది. ఆ ముక్కను చదివి ఇరువురికిని వినిపించువాడు ఊరిలో ఒక్కడున్నను ఎన్నో సంతకములు పడును.

గ్రంథాలయము పని ఇచ్చటనే మొదలగును. పురాణము, నవల, పత్రిక ఉండవలసినవే. వానితోపాటు కౌలు చట్టపు ప్రతి, పంట బీమా నిబంధనలు, బజారు ధరల పట్టిక కూడ బల్ల మీద ఉండవలెను. చదువుకొనిన విద్యార్థి వారమునకు ఒక సాయంకాలము వానిని చదివి, చదువురాని పెద్దలకు విప్పి చెప్పవలెను. నిడుబ్రోలు విద్యాలయమున ఆచార్య రంగా చేసిన పని ఇదియే. దానికి పెద్ద భవనము అక్కరలేదు. ఒక దీపము, ఒక బల్ల, ఓపిక గల ఒక పాఠకుడు చాలును.

ఇరువదియైదు సంవత్సరములు నిలిచిన గ్రంథాలయము గ్రామమునకు గౌరవము. రానున్న ఇరువదియైదు సంవత్సరములలో ఈ గ్రామమున తన పట్టాను, తన ఒప్పందమును, తన చీటీని తానే చదువుకొనలేని రైతుగాని, కౌలుదారుగాని, కూలిగాని ఒక్కడును మిగులకుండుటయే ఆ మహనీయునకు ఈ గ్రంథాలయము అర్పింపగల నిజమైన నివాళి.